యారాలి ఓటు

ఎల్లారెడ్డి మున్సిపాలిటీలో తమ వార్డు ఈసారి మహిళకు రిజర్వయిందని తెలిసిన రోజు, రాజశ్రీ పెట్టె అడుగు నుంచి గద్వాల చీర తీసి దండెం మీద ఆరేసింది. అత్త రాములవ్వ చూసి, "ఏడన్న పెండ్లి ఉన్నదా?" అని అడిగింది. "పురుగు పడుతదని తీసిన" అంది రాజశ్రీ. నామినేషన్ వేసేటప్పుడు ఏ చీర కట్టుకోవాలో ఆమె అప్పటికే నిర్ణయించుకుంది.

టికెట్టు తనకేనని అనుకోవడంలో తప్పు కూడా లేదు. ఆ వార్డులో సగం బీడీలు చుట్టే ఇళ్లే. పదకొండేళ్లుగా మహిళా సంఘానికి రాజశ్రీయే అధ్యక్షురాలు. ఎవరికి పింఛను ఆగినా, ఎవరి ఆధార్‌లో పేరు తప్పు పడినా, ఎవరి బిడ్డకు హాస్టల్లో సీటు కావాలన్నా ముందు ఆమె దగ్గరికే వచ్చేవారు. ఒళ్లో ఉన్న తునికాకు చాట పక్కకు పెట్టి, కాళ్లకు చెప్పులేసుకుని ఆమె వాళ్ల వెంట నడిచేది. బ్యాంకు మేనేజరు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని మాట్లాడగలిగిన ఆడమనిషి ఆ వాడలో ఆమె ఒక్కతే. భర్త చక్రధర్ మస్కట్‌లో ఉంటాడు. ఫోన్‌లో ఈ సంగతి చెబితే, "నువ్వు గాక ఇంకెవరున్నరు అక్కడ?" అన్నాడు. ఆ మాటతో ఆమెకు ఆ రోజంతా నేల మీద కాళ్లు నిలవలేదు.

నాలుగో రోజు పొద్దున పార్టీ పట్టణ నాయకుడు ఆశన్న ఇంటికి వచ్చాడు. వెంట ఇద్దరు ముగ్గురు ఉన్నారు. రాజశ్రీ కుర్చీలు వేయించి, చాయ్ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది. ఆశన్న సగం తాగి కప్పు కింద పెట్టాడు.

"రాజశ్రీ, నీకు జెప్పకుంట చేసే పని గాదు ఇది. మేం వాడల సర్వే చేయించినం. హారిక పేరే ఎక్కువ మంది చెప్పిండ్రు."

హారిక రాజశ్రీకి యారాలు, అంటే తోడికోడలు; మరిది తిరుపతి భార్య. కాపురానికి వచ్చి మూడేళ్లు కూడా నిండలేదు. కామారెడ్డిలో డిగ్రీ చదివింది. ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. సాయంత్రం వరండాలో చాప వేసి వాడ పిల్లలకు పైసా తీసుకోకుండా లెక్కలు నేర్పుతుంది. రాజశ్రీ ఆ చాపను ఎప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు. పిల్లల వెనక తల్లులు ఉంటారని, ఆ తల్లులకు ఓట్లుంటాయని ఆమెకు ఆ క్షణంలోనే తట్టింది.

వంటింట్లోంచి హారిక చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సంగతి విని మొహం ఎర్రబడింది. "అక్క ఉండంగ నేనెట్ల నిలబడుత అన్నా? అక్కకే ఇయ్యిండ్రి" అంది.

అందరూ రాజశ్రీ వైపు చూశారు. ఆశన్న "సరే, అయితే అక్కకే" అంటాడేమోనని ఆమె ఒక్క క్షణం ఎదురుచూసింది. ఆయన మీసం సర్దుకున్నాడు, అంతే.

"నాకెందుకమ్మా? నువ్వే నిలబడు. నేను నీ ఎనుక ఉంట గద" అంది రాజశ్రీ. తన గొంతు తనకే పరాయిదానిలా వినిపించింది. హారిక వంగి ఆమె కాళ్లకు దండం పెట్టింది. రాములవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆశన్న వెళ్తూ వెళ్తూ, "గిట్లాంటి యారాండ్లు ఏ ఇంట్ల ఉంటరు!" అని మెచ్చుకున్నాడు. గద్వాల చీర మళ్లీ పెట్టె అడుక్కి చేరింది.

ప్రచారం పన్నెండు రోజులు సాగింది. ముందు రాజశ్రీ, ఆమె వెనక హారిక, ఆ వెనక మిగతా ఆడవాళ్లు. తలుపులు తట్టేది రాజశ్రీ, తెరిచిన తలుపు నవ్వేది హారికను చూసి. వాడ మొదట్లో కట్టిన ఫ్లెక్సీలో హారిక నిలువెత్తున చేతులు జోడించి ఉంది. రాజశ్రీ బొమ్మ కింది మూలన, వరుసగా ఉన్న ఎనిమిది తలకాయల్లో ఐదోది. పొద్దున పాలకు వెళ్లేటప్పుడు రోజూ దాన్ని చూసేది. చూడకుండా పోదామనుకునేది, కానీ అక్కడికి రాగానే కళ్లు వాటంతటవే పైకి లేచేవి.

ఒకరోజు చివరి గల్లీలో కన్ను సరిగా కనబడని ముసలామె హారిక గడ్డం పట్టుకుని, "నీ మొఖం జూసి ఓటు గుద్దుత బిడ్డా" అంది. ఆ ముసలామె పింఛను కోసం రాజశ్రీ తాసీల్దారు ఆఫీసు చుట్టూ ఐదు నెలలు తిరిగింది. ఎండల్లో ఒకసారి అక్కడే కళ్లు తిరిగి పడిపోయింది కూడా. "అవ్వా, నన్ను గుర్తు వట్టినవా?" అని అడిగింది రాజశ్రీ.

"ఎవరూ? మా టీచరమ్మ యారాలివి గాదూ?" అంది ముసలామె.

ఆ రాత్రి రాజశ్రీ కంచం ముందు నుంచి సగంలోనే లేచింది. హారిక గమనించి, "ఎండకు తిరిగి గిట్లయినవక్కా, రేపు నువ్వు ఇంటికాడ ఉండు" అని నిమ్మకాయ నీళ్లు కలిపి ఇచ్చింది. ఆ పిల్లలో ఒక్క చెడ్డగుణం కనిపించినా రాజశ్రీకి ప్రాణం తేలికయ్యేది. వెతికింది. వంటలో ఉప్పు ఎక్కువ వేస్తుంది, పొద్దున ఆలస్యంగా లేస్తుంది. అంతకంటే ఏమీ దొరకలేదు.

పోలింగ్ రోజు పొద్దున్నే ఇద్దరూ కలిసి వరుసలో నిలబడ్డారు. ఓటు హారికకే వేయాలనే రాజశ్రీ లోపలికి వెళ్లింది. ఒట్టు వేసి చెప్పమన్నా ఆమె అదే మాట చెప్పేది. అట్టపెట్టె చాటున కాగితం పరిచి, స్వస్తిక్ ముద్ర చేతిలోకి తీసుకుంది. పైన హారిక పేరు, దాని కిందే గంగాబాయి పేరు. గంగాబాయి అవతలి పార్టీ మనిషి, కిరాణా దుకాణం నడుపుతుంది. హారిక పేరు అచ్చులో ఎంత అందంగా ఉందో అనిపించింది. ఆ చోట తన పేరు ఎట్లా ఉండేదో అని కూడా అనిపించింది. పైకి ఎత్తిన చెయ్యి హారిక గుర్తు మీదికి దిగలేదు. గంగాబాయి గుర్తు మీదికి పోవడానికి మనసు రాలేదు. రెండింటి నడుమ గీత మీద ముద్ర పడింది. సిరా ఆరకముందే మడతపెట్టేసరికి బొటనవేలు తగిలి అంచు కొద్దిగా అలుక్కుపోయింది.

డబ్బాలో వేసి బయటికి వస్తూ, ఇంత వార్డులో ఒక్క ఓటుతో ఏమైతదిలే అనుకుంది.

లెక్కింపు రోజు హాల్లో అభ్యర్థి తరఫున ఒక మనిషి కూర్చోవాలి. తిరుపతి వెళ్తానన్నాడు. హారిక ఒప్పుకోలేదు. "లోపల అక్కనే కూసుంటది. నాకైతే గుండె దడదడ కొట్టుకుంటున్నది, నేను బయటనే ఉంట" అంది.

ఇనుప జాలీ అవతల బల్ల మీద ఓట్లు కుమ్మరించారు. సిబ్బంది పాతికేసి కాగితాలు కట్టలు కడుతుంటే రాజశ్రీ ఒక్కొక్కటీ చూస్తూ తెల్లకాగితం మీద గీతలు గీసింది. ఆమె పక్కన గంగాబాయి తరఫున సిద్దిరాములు కూర్చున్నాడు. హారిక కట్ట పెరిగినప్పుడల్లా రాజశ్రీ పెన్ను కాగితాన్ని గట్టిగా నొక్కేది. గంగాబాయిది పెరిగితే గీత తేలిగ్గా పడేది. ఛీ, ఇదేం బుద్ధి అని తనను తాను తిట్టుకునేది. మళ్లీ కట్ట వైపే చూసేది.

మంచి ఓట్లన్నీ లెక్క తేలేసరికి గంగాబాయికి మూడువందల ఎనభై ఐదు, హారికకు మూడువందల ఎనభై నాలుగు. అనుమానం ఉన్న ఆరు కాగితాలు పక్కన మిగిలాయి. అధికారి వచ్చి వాటిని ఒక్కొక్కటిగా ఎత్తి చూపించాడు. ఒకదాని మీద రెండు ముద్రలు, ఒకదాని మీద వేలిముద్ర, ఇంకో రెండు అసలు ముద్రే లేనివి. నాలుగూ చెల్లలేదు. ఐదోది హారికదేనని ఒప్పుకోక తప్పలేదు సిద్దిరాములుకు. చెరి మూడువందల ఎనభై ఐదు అయ్యాయి.

అధికారి ఆరో కాగితం ఎత్తాడు. గీత మీద ముద్ర, అంచున బొటనవేలి అలుకు.

రాజశ్రీ బొటనవేలిని పిడికిలిలో దాచుకుంది.

"నడుమ గీత మీద ఉన్నది సార్, ఇది చెల్లది" అన్నాడు సిద్దిరాములు.

అధికారి కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. "కొంచెం పై గడిలకే ఎక్కువ ఉన్నట్టు కొడుతున్నది నాకు. మీరేమంటరమ్మా?" అని రాజశ్రీని అడిగాడు.

పై గడి హారికది. 'అవును సార్, పైదే' అంటే చాలు. ఆయన కూడా ఆ మాట కోసమే చూస్తున్నట్టున్నాడు. బయట తిరుపతి పూలదండలు పట్టుకుని ఉన్నాడని ఆమెకు తెలుసు. అవి హారిక మెడలో పడతాయి. బ్యాండువాళ్లు కొడతారు. రేపటి నుంచి ఐదేళ్లపాటు తన ఇంటి ముందుకు వచ్చినవాళ్లంతా 'హారిక మేడం ఉన్నరా?' అని అడుగుతారు, తను లోపలికి పోయి పిలుచుకు రావాలి.

"రెండిట్ల ఉన్నది సార్. ఎటని చెప్తం?" అంది రాజశ్రీ.

సిద్దిరాములు తల తిప్పి ఆమెను వింతగా చూశాడు. అధికారి కాగితం వెనక 'చెల్లదు' అని రాసి సంతకం పెట్టాడు.

రెండుసార్లు మళ్లీ లెక్కపెట్టినా అంతే వచ్చింది. ఓట్లు సమానమైతే చీటీ తీయాలని నియమం. హారికను, గంగాబాయిని లోపలికి పిలిచారు. రెండు చీటీలు ఒక్క తీరుగా మడిచి ప్లాస్టిక్ డబ్బాలో వేసి కదిలించారు. హారిక రాజశ్రీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పిల్ల గోళ్లు చర్మంలో దిగబడుతున్నా రాజశ్రీ చెయ్యి లాక్కోలేదు. గుమస్తా ఒకాయన కళ్లు మూసుకుని చీటీ తీసి ఇచ్చాడు. అధికారి విప్పి చదివాడు.

గంగాబాయి.

బయట టపాకాయలు పేలాయి. హారిక ఏడవలేదు. గంగాబాయి దగ్గరికి వెళ్లి, "శుభాకాంక్షలు పెద్దమ్మా" అని చేతులు జోడించింది. గంగాబాయే ఏడ్చి ఆ పిల్లను కావలించుకుంది. అది ఎవరో ఫోన్‌లో తీశారు. సాయంత్రానికి ఎల్లారెడ్డి అంతా ఆ వీడియో తిరిగింది.

రాజశ్రీ కోరుకున్నది జరిగింది. మనసు చల్లబడుతుందనుకుంది. కానీ మరునాడు పొద్దున ఎనిమిదింటి నుంచే ఇంటి ముందు జనం. ఓదార్చడానికి వచ్చినవాళ్లు గెలిచినామె ఇంటికి వెళ్లినవాళ్ల కంటే ఎక్కువున్నారు. పిల్లలు వరుసగా నిలబడి "టీచర్, మా ఓటు ఉంటే మీరే గెలుస్తుండిరి" అన్నారు. ఆశన్న వచ్చి, పట్టణ మహిళా కమిటీ బాధ్యత హారికకే ఇస్తున్నామని చెప్పి వెళ్లాడు. ఓడిపోయి కూడా ఆ పిల్ల తనకంటే ఎత్తుగానే నిలబడింది. గెలిచి ఉంటే ఇంత ప్రేమ వచ్చేది కాదేమో కూడా.

దానికి తోడు సిద్దిరాములు ఊరంతా ఒక మాట చెప్పాడు. "సొంత యారాలు నిలబడ్డది, అయినా అబద్ధమాడలే. రాజశ్రీ లెక్క నిజాయితీ మనిషిని నేను చూడలే" అని. అది వాడకు చేరింది, హారిక చెవికి కూడా చేరింది. పదిమంది ముందు హారిక నవ్వుతూ, "నేనైతే ఆడుతుంటి అబద్ధం. అక్క అబద్ధం చెప్పదు. అక్క గట్లాంటి మనిషి" అంది.

అందరూ తలలూపారు. రాజశ్రీ చాయ్ గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్లి, కడిగిన గ్లాసులనే మళ్లీ కడిగింది.

మూడో రోజు పొద్దున పెరట్లో హారిక బట్టలు పిండుతోంది, రాజశ్రీ పక్కనే అంట్లు తోముతోంది. పక్కింటి ఆవిడ గోడ మీంచి, "నీ నసీబు బాగలేదు బిడ్డా. చీటీ మోసం జేసింది" అని జాలిపడి వెళ్లింది. హారిక కళ్లలో మొదటిసారి నీళ్లు తిరిగాయి. "నసీబే అయితే ఏం జేస్తమక్కా" అంది రాజశ్రీతో.

నసీబు. చీటీ. మూడు రోజులుగా అందరి నోటా ఇదే. ఒక వార్డు గెలుపోటములను తేల్చింది చిన్న కాగితం ముక్క అని ఊరంతా నమ్ముతోంది. రాజశ్రీకి ఒళ్లంతా మండింది. పదకొండేళ్లు ఆ వాడను నడిపించింది తను. ఆ గెలుపోటమిని తేల్చింది కూడా తనే. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా పోతుందా? ఆ మాట ఆమె చెప్పింది పశ్చాత్తాపంతో కాదు. ఆ తర్వాత చాలాసార్లు అలా అనుకోవాలని చూసింది కానీ, అది నిజం కాదు.

"నసీబు గాదు, చీటీ గాదు. ఆ ఆరో ఓటు నాది" అంది.

హారికకు అర్థం కాలేదు. "ఏ ఓటు?"

"గీత మీద గుద్దిన ఓటు. నేనే గుద్దిన. లోపల సారు పై గడిలకే ఉన్నది అన్నడు. నేనే కాదన్న."

హారిక చేతిలో సగం పిండిన చీర మెలిక అట్లాగే ఉంది. నీళ్లు ఆమె పాదాల మీద కారుతున్నాయి. అరుస్తుందని, తిడుతుందని, కనీసం ఎందుకని అడుగుతుందని రాజశ్రీ చూసింది. అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఎన్నో ఉన్నాయి. ముసలామె, ఫ్లెక్సీ, ఐదో తలకాయ, పెట్టెలో చీర.

హారిక అడగలేదు. చీర పూర్తిగా పిండింది. దండెం మీద వేసి, అంచులు సరిచేసి, బకెట్ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

వారం తిరగకుండా పొయ్యి వేరైంది. ముందరి గదిలో హారిక వాళ్లు, వెనక వైపు రాజశ్రీ. తిరుపతి కారణం అడిగితే, "నాకు బడికి తొందరైతది, వంట వేరే ఉంటె అల్కగ ఉంటది" అందట. రాములవ్వ శాపనార్థాలు పెట్టింది హారికనే. వాడ కూడా అదే మాట అంది. "ఓడిపోయినంక టీచరమ్మ మొఖం మాడ్చుకున్నది. గంత మంచి యారాలిని దూరం జేసుకున్నది" అని సంఘం మీటింగ్‌లో ఆడవాళ్లు రాజశ్రీ చుట్టూ చేరి జాలిపడ్డారు. నెల రోజుల కింద ఈ మాటల కోసం ఆమె ఏమైనా ఇచ్చేది.

హారిక మాత్రం ఎవరికీ ఏమీ చెప్పలేదు. మొగుడికి చెప్పలేదు, ఆశన్నకు చెప్పలేదు. ఒక్క మాట బయట పెడితే ఊరంతా రాజశ్రీ మొహాన ఉమ్మేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. రోజూ పొద్దున ఆ పిల్ల జడ వేసుకుని బడికి పోతుంటే, రాజశ్రీ వెనక తలుపు సందులోంచి చూసేది. ఆ నోరు మెదపకపోవడం తన వల్ల అయ్యేది కాదని ఆమెకు తెలుసు. దానికి కూడా ఆమెకు అసూయ కలిగింది.

ఎండలు ముదిరేసరికి వాడకు నల్లా నీళ్లు రావడం మానేశాయి. గంగాబాయి మున్సిపాలిటీలో అడిగి అడిగి అలసిపోయింది. సోమవారం కామారెడ్డి కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంటుందని, ఖాళీ బిందెలతో పోదామని హారిక ఆడవాళ్లను కూడేసింది. ఆమె గంగాబాయిని కూడా రమ్మంది, ఆవిడ వచ్చింది. రాజశ్రీని ఎవరూ పిలవలేదు. అట్లని వద్దని కూడా అనలేదు.

బస్టాండుకు ఆడవాళ్లు బిందెలు పట్టుకుని నవ్వుకుంటూ పోతున్నారు. రాజశ్రీ గడపలో నిలబడి చూసింది. ఏ ఆఫీసులో ఏ బల్ల దగ్గరికి పోవాలో, ఏ కాగితం జత చేయాలో వాళ్లలో ఒక్కరికీ తెలియదు. పోనీ, తిప్పలు పడనీ అనుకుంది. తలుపు వేసింది. మళ్లీ తీసింది. బిందె చంకన పెట్టుకుని, సంఘం ఫైలు పట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్లింది.

ఆమె ఎక్కేసరికి బస్సు కదలబోతోంది. అన్ని సీట్లూ నిండిపోయాయి. హారిక పక్కన మాత్రం బ్యాగు ఉంది. రాజశ్రీ కడ్డీ పట్టుకుని నిలబడింది. లింగంపేట వచ్చేదాకా అట్లాగే నిలబడి ఉంది. హారిక కిటికీలోంచి బయటికే చూసింది.

లింగంపేటలో బస్సు ఆగి మళ్లీ కదిలినప్పుడు, హారిక బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంది. రాజశ్రీ కూర్చుంది. ఇద్దరి మోకాళ్ల నడుమ బిందె ఇరుకుగా పట్టింది.

"ఆ ఫైల్ల ఏమున్నది?" అంది హారిక, అటే చూస్తూ.

"పోయినేడు నల్లాల కోసం పెట్టుకున్న దరఖాస్తు. ముద్ర గొట్టిన రసీదు గూడ ఉన్నది."

"ఇటియ్యి."

హారిక కాగితాలు ఒక్కొక్కటీ తిప్పి చదివింది. వెనక సీటులోని ఆడవాళ్లు మెడలు చాచి, "ఏమున్నది టీచరమ్మా?" అని ఆమెనే అడిగారు. రాజశ్రీ గుండెలో పాత మంట మళ్లీ రగిలింది. చెప్పడానికి తెరిచిన నోరు మూసుకుంది. తాడ్వాయి దాటాక హారిక ఫైలు మూసి తిరిగి ఇచ్చింది.

"రసీదు పైన పెట్టు. ఆడ ముందు అదే చూపియ్యాలె" అంది.

అక్కా అనలేదు. ఆ మాట కోసం రాజశ్రీ కామారెడ్డి వచ్చేదాకా ఎదురుచూసింది. రసీదు తీసి పైన పెట్టి, అది ఎగిరిపోకుండా ఫైలును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.